పెద్ద ఫిల్మ్ మీద పోర్ట్రెయిట్ – 4వ పాఠం: అద్దం మూసుకుపోయాక

గత పాఠంలో చీకట్లో హోల్డర్లలోకి, అంటే ఒక్కో వైపు ఒక్కో షీట్ పట్టే పలచటి పెట్టెల్లోకి, ఫిల్మ్ ఎక్కించడం నేర్చుకున్నాం. షీట్‌ను నిలువుగా పట్టుకున్నప్పుడు కుడిచేతి పైమూలన నాచ్ (అంచున కోసిన గాటు) వేలికి తగిలితే ఎమల్షన్, అంటే బొమ్మ పడే పూత, మనవైపు ఉన్నట్టు. ఇది ఇప్పటికి చేతికి అలవాటై ఉండాలి. కాకపోతే పాడైన షీట్ ఒకటి పెట్టుకుని కళ్లు మూసుకుని ఇంకొంత సాధన చేసి రండి, తొందరేం లేదు. ఈ పాఠంలో మొదటిసారి కెమెరా ముందు మనిషిని కూర్చోబెడుతున్నాం.

చెట్టునో గుడినో తీసినప్పుడు లేని చిక్కు మనిషితో వస్తుంది. నల్లగుడ్డ కప్పుకుని గ్రౌండ్ గ్లాస్ (కెమెరా వెనక బొమ్మ కనిపించే గరుకు అద్దం) మీద ఫోకస్ చేస్తాం. తర్వాత ఆ అద్దానికీ కెమెరాకీ మధ్య హోల్డర్ దూరుస్తాం. అక్కడి నుంచి అద్దం మీద ఏమీ కనపడదు. ఫిల్మ్‌ను కప్పి ఉంచే స్లైడ్ లాగి క్లిక్ చేసేసరికి చెయ్యి తిరిగినవాళ్లకే పది పదిహేను సెకన్లు పడుతుంది, కొత్తవాళ్లకు అర నిమిషం పైమాటే. గుడి ఆ అర నిమిషమూ ఉన్నచోటే ఉంటుంది. మనిషి ఉండడు. కదిలిన సంగతి ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు. పెద్ద ఫిల్మ్ మీద పోర్ట్రెయిట్లు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. లైటింగ్ గురించి ఎంతైనా చెప్పుకోవచ్చు కానీ, ముందు ఈ గుడ్డి అర నిమిషాన్ని దాటడం రాకపోతే ఎంత మంచి లైటింగైనా దండగే.

ఎంత కదిలితే ఫోటో పోతుందో లెక్క చూద్దాం. 4×5 అంగుళాల కెమెరాకు 150 ఎంఎం మామూలు లెన్స్. ముఖాలకు 210 ఎంఎం మేలు, ముక్కు ఉబ్బినట్టు కనిపించదు. ఆ 210ని మనిషికి నాలుగు అడుగుల దూరంలో, అంటే 1.2 మీటర్ల దగ్గర పెడితే, నిలువు ఫ్రేమ్‌లో తల నుంచి ఛాతీ దాకా సుమారు 60 సెంటీమీటర్లు పడుతుంది. ఆ దూరంలో ఎఫ్5.6 దగ్గర స్పష్టంగా ఉండే లోతు దాదాపు 3 సెంటీమీటర్లు. ఎఫ్8 దగ్గర నాలుగున్నర, ఎఫ్16 దగ్గర తొమ్మిది. కంటి మీద ఫోకస్ చేశాక మనిషి కాస్త సర్దుకుని కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడంటే చాలు, ఆ 3 సెంటీమీటర్లు దాటిపోతాడు. కళ్లు మసకబారి, కాలర్ గుండీ మాత్రం దారాలతో సహా లెక్కపెట్టేంత స్పష్టంగా వస్తుంది. అందుకే మొదటి కొన్నాళ్లు ఎఫ్8 కన్నా పెద్ద అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) జోలికి వెళ్లకండి. కన్నొక్కటీ స్పష్టంగా ఉండి చెవి కరిగిపోయే ఫోటోలు అందంగానే ఉంటాయి, వాటి వంతు తర్వాత వస్తుంది.

ఇక కుర్చీ. నిలబెట్టి తీయకండి. నిలబడ్డ మనిషి తెలియకుండానే ముందుకూ వెనక్కీ ఊగుతూ ఉంటాడు. స్టూలూ వద్దు, వీపు ఆనని చోట నడుము నిలవదు. వెనక నిటారుగా ఉండే చెక్క కుర్చీ తీసుకుని, ముందే వీపు పూర్తిగా ఆనించి కూర్చోమనండి. పక్కన బల్ల వేసి ఒక మోచేయి దానిమీద పెట్టిస్తే ఇంకా మంచిది. పాత స్టూడియోల్లో మనిషి పక్కన ఎత్తు బల్లా, దానిమీద పూలకుండీ ఎందుకుండేవో ఇప్పుడు అర్థమవుతుంది, అలంకారంతో పాటు చేతికి ఆసరా కూడా. పంతొమ్మిదో శతాబ్దంలోనైతే తల వెనక కనపడకుండా ఇనప కొక్కెం కూడా పెట్టేవారు. మనకు అంత అక్కర్లేదు. ఇంట్లో పేపరు పట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చునే పెద్దాయన ఎవరైనా ఉంటే మీ మొదటి మోడల్ ఆయనే. చిన్నపిల్లల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి.

గదిలో ఎవరుండాలన్నది కూడా చిన్న విషయం కాదు. మన ఇళ్లలో ఒకరిని ఫోటో తీస్తుంటే నలుగురు వచ్చి కెమెరా వెనక నిలబడతారు. "నవ్వు", "తల ఎత్తు", "కొంగు సరిచేసుకో" అని తలా ఒకటి చెప్తారు. చెప్పిన ప్రతిసారీ కూర్చున్న మనిషి కదులుతారు, అద్దం మీద చేసిన ఫోకస్ అక్కడితో సరి. అందరినీ మర్యాదగా బయటికి పంపండి. హైదరాబాద్‌లో ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళ చేతికే అప్పగించాడు. కారణం పరదాయే అయినా, ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి మనిషి కూర్చునే తీరు మారుతుందని వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుసు.

లైట్ సంగతి ఈ పాఠానికి తేలిగ్గా కానిద్దాం. నేరుగా ఎండ పడని పెద్ద కిటికీ, దానికి పక్కగా కుర్చీ, రెండోవైపు తెల్లటి దుప్పటి. అంతే. ఫిల్మ్ ఐఎస్ఓ 400ది వాడండి, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ లాంటిది. లైట్ మీటర్‌ను ముఖం దగ్గర పెట్టి, లెన్స్ వైపు తిప్పి రీడింగ్ తీయండి. ఎఫ్8 దగ్గర 1/15 చూపించిందనుకుందాం. అదే పెట్టేస్తే నెగెటివ్ పలచబడుతుంది. దగ్గరి ముఖానికి ఫోకస్ చేసినప్పుడు బెల్లోస్ (లెన్స్‌కీ అద్దానికీ మధ్య ఉండే మడతల తిత్తి) సాగుతుంది, సాగినకొద్దీ ఫిల్మ్ మీద పడే వెలుతురు తగ్గుతుంది. టేపు పెట్టి లెన్స్ బోర్డు నుంచి అద్దం దాకా కొలవండి. పైన చెప్పిన దూరంలో సుమారు 255 ఎంఎం వస్తుంది. 255ను 210తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణిస్తే దాదాపు ఒకటిన్నర. అంటే అర స్టాప్ పైచిలుకు (ఒక స్టాప్ అంటే రెట్టింపు) ఎక్కువ వెలుతురు కావాలి. షట్టర్ మీద 1/15 తర్వాత 1/8 ఉంటుంది, అదే పెట్టండి. కొంచెం ఎక్కువైనా నలుపు తెలుపు నెగెటివ్ భరిస్తుంది, తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు.

1/8 సెకను అంటే ఫ్యాన్ గాలికి జుట్టు కదిలినా తెలిసిపోతుంది. అలాగని మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోబెడితే నుదురు మెరుస్తుంది. ఫోకస్ చేసేంతసేపూ ఫ్యాన్ తిరగనివ్వండి. హోల్డర్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఆపండి, పక్కన పొడి తువ్వాలు ఉంచుకోండి.

ఇప్పుడు అసలు పని. ముందూ వెనకా స్టాండర్డ్‌లు (లెన్స్‌నూ అద్దాన్నీ పట్టుకునే చట్రాలు) రెండూ నిటారుగా ఉన్నాయో లేదో చూసుకుని, లెన్స్ పూర్తిగా తెరిచి, కెమెరాకు దగ్గరగా ఉన్న కంటి మీద లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో, ఫోకస్ చేయండి. రెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపించాలి. బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి ముఖాన్ని ముఖంలా చూడటానికి కొన్నాళ్లు పడుతుంది. కన్ను దొరికితే ప్రస్తుతానికి చాలు. ఫోకస్ కుదిరాక నాబ్ బిగించండి.

నల్లగుడ్డ కింద నుంచి బయటికి వచ్చే ముందే దూరాన్ని గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఒకటి చేయాలి. పాత చిట్కా దారం. లెన్స్ బోర్డుకు ఒక దారం కట్టి, రెండో కొసను ఆయన చెంప ఎముక దగ్గరికి తెచ్చి, తగిలిన చోట ముడి వేయండి. క్లిక్‌కు ముందు ముడి మళ్లీ చెంపకు తగులుతోందో లేదో చూసి దారం తీసేస్తారు. సహాయానికి మనిషి ఉంటే దారం కన్నా మంచి దారి ఉంది. ఆ సహాయకుణ్ణి కూర్చున్నవారికి సరిగ్గా పక్కన, కొంచెం దూరంగా నిలబెట్టండి. అక్కణ్నుంచి చూస్తే చెవి వెనక గోడ మీద ఏ గీతకు ఎదురుగా ఉందో, తలుపు చట్రమో కిటికీ ఊచో, గుర్తుపెట్టుకోమనండి. చెవి ఆ గీత దాటితే "కొంచెం ముందుకు", "కొంచెం వెనక్కి" అని మెల్లగా చెప్తారు. నాకైతే ఇదే ఇష్టం, దారం పట్టుకుని ముఖం దగ్గరికి వెళ్తే కొందరు బిగుసుకుపోతారు.

తర్వాత వరస తప్పకూడదు. షట్టర్ మూయండి. అపర్చర్ ఎఫ్8కు తిప్పండి, స్పీడు 1/8 పెట్టి, మీట లాగి షట్టర్‌ను కాక్ చేయండి (నొక్కడానికి సిద్ధం చేయడం). హోల్డర్‌ను గాడిలో కూర్చునేదాకా దూర్చండి, అప్పుడు కెమెరాను చేత్తో పట్టుకుని ఆపాలి, లేకపోతే ట్రైపాడ్ మీద పక్కకు జరుగుతుంది. లెన్స్ వైపున్న స్లైడ్‌ను లాగండి, మీవైపున్నది కాదు. కొత్తవాళ్ల ఫిల్మ్ రెండు రకాలుగా తగలబడుతుంది. ఒకటి, షట్టర్ మూయకుండా స్లైడ్ లాగడం. రెండు, అటుదానికి బదులు ఇటుది లాగడం. క్లిక్ అయ్యాక స్లైడ్‌ను నల్ల అంచు బయటికి ఉండేలా తిప్పి పెట్టండి. తెలుపు కనపడితే వాడనిది, నలుపు కనపడితే వాడేసింది.

స్లైడ్ లాగాక క్లిక్ దాకా మీరు ఎక్కడుండాలి? కెమెరా వెనక మీకు పనే లేదు, అక్కడ చూడటానికి ఏమీ లేదు. కేబుల్ రిలీజ్ (షట్టర్ నొక్కే తీగ) పట్టుకుని లెన్స్ పక్కకు వచ్చి నిలబడండి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ 1979 నుంచి 1984 దాకా అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో గని కార్మికులను, పశువుల కాపరులను, ఊళ్లు తిరిగేవాళ్లను 8×10 డియర్‌డార్ఫ్ కెమెరాతో తీశాడు. ఫోర్ట్‌వర్త్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియం అప్పగించిన పని అది. నీడపట్టున గోడకు తెల్ల కాగితం అంటించి, మనిషిని దాని ముందు నిలబెట్టి, తాను లెన్స్ పక్కనే నిలబడేవాడు. ఫోకస్, హోల్డర్లు మార్చడం సహాయకుల పని. తెర మీద కాదు, నేరుగా మనిషి ముఖంలోకి చూస్తూ ఎప్పుడు నొక్కాలో నిర్ణయించుకునేవాడు. 750 మందికి పైగా మనుషులకు దాదాపు 17,000 షీట్లు వాడాడు, అంటే ఒక్కొక్కరికి ఇరవైకి పైనే. మనకు అంత స్తోమత ఎక్కడిది, ఒక భంగిమకు ఒక హోల్డర్, రెండు షీట్లు. కానీ నిలబడే చోటు మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవచ్చు, దానికి ఖర్చేమీ లేదు.

పక్కన నిలబడి "కదలకండి" అనకండి. ఆ మాట వినగానే భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి బిగుస్తుంది, టెన్షన్ కళ్లలోకి వస్తుంది. "ఒక్కసారి ఊపిరి పీల్చి మెల్లగా వదలండి బాబాయ్" అనండి. వదలడం పూర్తయ్యాక మళ్లీ పీల్చేలోపు చిన్న విరామం ఉంటుంది. అప్పుడు నొక్కండి. నవ్వించే పని పెట్టుకోవద్దు. నవ్వు నిలిచి ఉండదు, నిలబెట్టమంటే అది నవ్వులా ఉండదు.

క్లిక్ అయ్యాక హోల్డర్ తీసి, ఆయన్ని అలాగే ఉండమని, లెన్స్ తెరిచి మళ్లీ అద్దంలో కన్ను చూడండి. రెప్పలు ఇంకా విడివిడిగా ఉంటే నిశ్చింత. మసకగా ఉంటే ఫిల్మ్ కడిగేదాకా ఆగనక్కర్లేదు, రెండో షీట్ తప్పక తీయాలని అక్కడే తెలిసిపోతుంది.

వచ్చే పాఠం లోపు సాధన ఇది. ఫిల్మ్ లేని హోల్డర్‌తో ఈ వరస మొత్తం రోజుకు పదిసార్లు, అసలు మనిషిని కూర్చోబెట్టే చేయండి. ప్రతిసారీ క్లిక్ తర్వాత అద్దంలో చూసి, కన్ను ఫోకస్‌లో ఉందా, ముందుకు వచ్చిందా, వెనక్కి పోయిందా నోటుబుక్కులో రాయండి. చాలామంది ఒకేవైపు జరుగుతారు, ఎక్కువగా వెనక్కి. మీ మనిషి ఎటు జరుగుతున్నారో రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. హోల్డర్ దూర్చిన దగ్గర్నుంచి క్లిక్ దాకా పదిహేను సెకన్లకు దిగాక, పదింటిలో ఎనిమిదిసార్లు కన్ను నిలిచాక, అసలు ఫిల్మ్ రెండు షీట్లు తీయండి. వాటిని కడగకుండా డబ్బాలో దాచండి. అయిదో పాఠంలో ఫిల్మ్ కడిగే డెవలపర్, బొమ్మను నిలిపే హైపో, ఎండాకాలంలో కుళాయి నీళ్లను 20 డిగ్రీలకు దించడం.