బెంగళూరులో ఇల్లు కొనేముందు, 4వ పాఠం: కింద షాపులుంటే ధర పెరుగుతుందా?

పోయిన పాఠంలో గైడెన్స్ వాల్యూ, అంటే రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం పెట్టే కనీస ధర, చూశాం. ఈసారి ఏ బ్రోకరైనా మొదట చెప్పే మాట పట్టుకుందాం: "అన్నీ దగ్గరే సార్, కిందకి దిగితే షాపులే." దగ్గర సరే, ఎంత దగ్గర అన్నదే అసలు లెక్క. కూరగాయలు, పాలు, మందుల షాపు ఐదు నిమిషాల నడకలో ఉంటే ఇంటికి మంచి ధర పలుకుతుంది, అదే హోటల్ చిమ్నీ మీ బెడ్‌రూమ్ కిటికీ వైపు తిరిగి ఉంటే కొనడానికి వచ్చినవాళ్లు అక్కడే బేరం తగ్గిస్తారు.

మారతహళ్లి, మున్నేకొళాల వైపు మనవాళ్లకి ఇది కళ్లముందే ఉంది. పీజీలు, ఆంధ్రా మెస్‌లు, కర్రీ పాయింట్లు, కాండిమెంట్స్ షాపులు ఉన్న వీధిలో ఫ్లాట్ ఖాళీ అయిందంటే అద్దెకి మనుషులు వెంటనే దొరుకుతారు. కానీ అద్దె బాగా వస్తోంది కాబట్టి అమ్మినా అంతే వస్తుందనుకోకండి. కొనేది ఎక్కువగా కుటుంబాలు, వాళ్లు చూసేది పార్కింగ్, నిద్ర, పిల్లలు రోడ్డు దాటే దారి. పక్కన వైన్ షాపు ఉంటే లోపలికి కూడా రారు.

ఇందిరానగర్‌లో 100 అడుగుల రోడ్డు, 12వ మెయిన్ ఒకప్పుడు ఇళ్ల వీధులే. షాపులు, పబ్‌లు వచ్చాక రోడ్డు మీద సొంత సైటు ఉన్నవాళ్లకి లాభమే, కమర్షియల్ అద్దె వస్తుంది కాబట్టి స్థలం విలువ పెరిగింది. అపార్ట్‌మెంట్‌లో మీకు వచ్చేది భూమిలో చిన్న వాటా, దాన్ని షాపుకి ఇవ్వలేరు. లాభం పక్కవాళ్లది, రాత్రి గోల మీది. ఈ తేడా ఎవరూ చెప్పరు, నాకు చాలా బాధనిపించే విషయం ఇదే.

ఇక చూసే పద్ధతి. ఆదివారం పగలు పదకొండుకి చూపిస్తామంటే సరేనని వెళ్లండి, కానీ దాంతో ఆపకండి. పొద్దున ఆరింటికి సరుకు బండ్లు దిగేటప్పుడు ఒకసారి, శనివారం రాత్రి తొమ్మిదింటికి ఇంకోసారి వెళ్లి కిటికీ తెరిచి పది నిమిషాలు కూర్చోండి. హోటల్ ఉంటే డ్రైనేజీ మూత దగ్గర నిలబడండి, జిడ్డు పేరుకుని లైను జామ్ అవుతుంటే వాసనే చెబుతుంది. ఆన్‌లైన్ సరుకుల గోడౌన్ ఉంటే గేటు ముందు డెలివరీ బైకులు ఎన్ని ఆగుతున్నాయో చూడండి. వీధి చివర ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే సగం సంగతులు తెలుస్తాయి.

పక్కన ఖాళీ సైటు ఉంటే, ఏ స్థలం దేనికి వాడాలో చూపించే నగర మాస్టర్ ప్లాన్ మ్యాప్‌లో దాని రంగు చూడండి: పసుపు నివాసం, నీలం వాణిజ్యం. పసుపు కదా అని నిశ్చింతగా ఉండకండి, రోడ్డు వెడల్పును బట్టి అక్కడా కొన్ని షాపులకు అనుమతి ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: ఒకే ఏరియాలో, దాదాపు ఒకే వయసున్న రెండు ఫ్లాట్లు ఎంచుకోండి, ఒకటి షాపుల రోడ్డు మీద, రెండోది రెండు వీధులు లోపలికి. చెప్పిన ధరని సూపర్ బిల్టప్‌తో (గోడలు, మెట్లు, లిఫ్ట్ లాంటి ఉమ్మడి చోటులో వాటా కూడా కలిపిన కొలత) కాకుండా కార్పెట్ ఏరియాతో (ఇంటి లోపల మీరు నిజంగా వాడుకునే చోటు) భాగించండి. రెండు అంకెలూ రాసి పెట్టుకోండి, పార్కింగ్ పాఠంలో వాటితో పని ఉంది.