సీరియల్ విలన్‌ని ఎంతదాకా తిట్టుకోవచ్చు?

"ఆ అత్తని బావిలో తోసెయ్యాలి, ఆ మరిదిని చింతబరికెతో ఉతకాలి" అని రాత్రి సీరియల్ అయ్యాక ఫ్యామిలీ గ్రూపులో రాసుకోవడం మామూలే. దానికి టెన్షన్ పడక్కర్లేదు, పాత్రకి నొప్పి పుట్టదు.

ముందు చూడాల్సింది పేరు. పాత్ర పేరుంటే జోకు, అదే మాట ఆ వేషం వేసిన నటికి మెసేజ్‌గా పంపితే బెదిరింపు. సూర్యకాంతం గారి గయ్యాళి అత్త వేషాలు చూసి ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడానికే జంకేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు జనం ఏకంగా నటి ఫోన్‌లోకే దూరుతున్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ ఈ బెదిరింపుల గురించే, పేరు దాచుకుని బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది.

తర్వాత, వినేది ఎవరో చూడండి. "వాడి కాళ్లు వంకరపోవాలి" అని హైదరాబాద్‌లో కూర్చుని రాస్తే సరదాగానే ఉంటుంది గానీ, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకి ఎముకలు వంగిపోయిన మనిషి ఆ గ్రూపులో ఉంటే ఆ దెబ్బ విలన్‌కి తగలదు. కిరోసిన్, యాసిడ్ మాటలూ అంతే. చిన్నపిల్లల పాత్రల మీదైతే అసలే వద్దు.

ఎవరైనా గీత దాటితే అందరి ముందు క్లాసు పీకకండి, విడిగా "అన్నా, అది తీసెయ్యరాదే" అంటే చాలు, చాలామంది తీసేస్తారు. రోజూ అదే పాత్రని ఎట్ల చంపాలో వివరంగా రాసేవాడికి మాత్రం ఓసారి ఫోన్ చేసి బాగున్నావా అని అడగండి, ఇంట్లో ఎవరి మీది కోపమో అట్ల బయటికొస్తుండొచ్చు.