మూలపడ్డ చేతిగంటలు మళ్లీ మోగించాలంటే

చేతిగంటలంటే చేత్తో పట్టుకుని ఊపే, ఒక్కోటి ఒక్కో స్వరం పలికే కంచు గంటలు. అమెరికా చర్చిల్లో మూడు ఆక్టేవుల (ఒక ఆక్టేవంటే స నుంచి పై స దాకా) సెట్టంటే 37 గంటలు, వాయించడానికి పదకొండు మంది దాకా కావాలి. అంతమంది రాలేదని బీరువాలో పెట్టేయడం దండగ. 25 గంటలతో, ఏడెనిమిది మందితో రెండు ఆక్టేవులు చక్కగా నడుస్తాయి. మేమూ అలాగే మొదలెట్టాం.

ముందు గంటల సంగతి. ఒక్క ఊపుకి రెండుసార్లు "టింగ్‌టింగ్" అందంటే, నాలుకను పట్టి ఉంచే స్ప్రింగు వదులైనట్టే. స్క్రూని పావు చుట్టు బిగించి, ఊపి వినాలి, మళ్లీ పావు చుట్టు. అతిగా బిగిస్తే మెల్లగా వాయించేటప్పుడు నాలుక గంటను తాకనే తాకదు. రెండు వైపులా సరిచేసే స్క్రూలుంటే సమానంగా తిప్పాలి.

చేతి చెమటకి కంచు మచ్చలు పడుతుంది, గ్లవుజులు తప్పనిసరి. గంటలు పెట్టే బల్లమీద నాలుగంగుళాల మందం ఫోమ్ కూడా.