వానలు మొదలవకముందే చొక్కాలు మడిచి దాచుకునేటప్పుడు జాగ్రత్తలు

వానాకాలంలో నెలల తరబడి వేసుకోని చొక్కాలను మడిచి బీరువాలో పెట్టేస్తాం. మడత ఎంత నీటుగా ఉన్నా లోపల చెమ్మో చెమటో మిగిలిందంటే ఆ చొక్కా పాడైపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చి తలుపు మూసేస్తాం కాబట్టి ఆ సంగతి తీసేదాకా తెలియదు కూడా. అందుకే మడత కంటే, మడతకు ముందు చేయాల్సిన పని గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను.

ఒక్కసారే వేసుకున్నాం కదా, మరకేమీ లేదు కదా అని ఉతక్కుండా దాచకండి. నేను ఒక తెల్ల చొక్కాను గంటసేపు వేసుకుని, విప్పి దులిపి, అలాగే మడిచి పెట్టాను. నాలుగు నెలల తర్వాత తీస్తే కాలర్ లోపలి అంచు వెంబడి, చంకల దగ్గర పసుపు చారలు. పెట్టిన రోజు అక్కడ ఏమీ లేదు, నేను చూసే పెట్టాను. ఒంటి జిడ్డు బట్టకు అంటినప్పుడు రంగు కనబడదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేకొద్దీ మెల్లగా పసుపెక్కుతుంది. చెమట పట్టకుండా చంకల్లో రాసుకునే వాటిలో ఉండే అల్యూమినియం లవణాలు చెమటతో కలిస్తే ఆ మరక ఇంకా మొండికేస్తుంది. కంగారుపడి క్లోరిన్ బ్లీచ్ పోశారో, పసుపు తగ్గడం మాట అటుంచి పెరిగే అవకాశమే ఎక్కువ. ఉతికే ముందు కాలర్‌కీ చంకలకీ కాస్త లిక్విడ్ సబ్బు రాసి, పావుగంట ఆగి, వేళ్లతో నలపండి. సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించండి. మిగిలిన సబ్బు మీద ఇస్త్రీ వేడి తగిలితే అదీ మరకవుతుంది.

దాచే చొక్కాలకు గంజి వద్దు. పాత పుస్తకాల మధ్య వెండిలా మెరుస్తూ సర్రున పారిపోయే పురుగులు చూసే ఉంటారు, సిల్వర్ ఫిష్. వాటికి గంజి అంటే మహా ఇష్టం, దానికోసం వచ్చి బట్టనూ కొరికేస్తాయి. గంజి పెట్టుకోవాలంటే మళ్లీ వేసుకునే ముందు పెట్టుకోవచ్చు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం ఆరబెట్టడం. వీపు భాగం ముట్టుకుని ఆరిపోయిందనుకుంటాం. తడి ఉండేది అక్కడ కాదు. కాలర్‌లో, కఫ్‌లో, గుండీల పట్టీలో రెండు మూడు పొరల బట్ట ఉంటుంది, మధ్యలో బక్రం, అంటే గట్టిగా నిలవడానికి వేసే బిరుసు గుడ్డ, ఉంటుంది. చొక్కా అంతా ఆరిన చాలాసేపటి వరకు ఆ పొరల మధ్య చెమ్మ అలాగే ఉండిపోతుంది. కాలర్ మూలను రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి, చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలిందంటే ఇంకా ఆరలేదన్నమాట. జేబు అడుగు మూలలు కూడా అలాగే చూడండి. ఇస్త్రీ చేసిన వెంటనే మడవకండి, బట్టలో ఆవిరి ఉంటుంది. హ్యాంగర్‌కు తగిలించి కనీసం ఒక గంట గాలికి వదిలేయండి.

ఏ రోజున సర్దుతున్నామో చూసుకోవడం కూడా ముఖ్యమే. గాలిలో తేమ 65 శాతం ఉంటే చాలు, ఆరిన నూలు చొక్కా కూడా తన బరువులో సుమారు 8 శాతం నీటిని పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ అయితే అర శాతం కూడా పట్టదు. తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజుకు కావలసినంత అనువు దొరికినట్టే. కాబట్టి ముసురు పట్టిన రోజున బీరువా సర్దొద్దు. ఎండ కాసి, గాలి పొడిగా ఉన్న మధ్యాహ్నం పెట్టుకోండి ఈ పని.

మడతలోకి వద్దాం. కాలర్ మూలల్లో గట్టిదనం కోసం దూర్చే పుల్లలుంటే తీసేయండి. పైగుండీ, మధ్యది, కింది గుండీ పెట్టి, చొక్కాను బోర్లా పరవండి. ఒక వైపు భుజం మధ్య నుంచి లోపలికి మడిచి, చేతిని వీపు మీద నిలువుగా దించండి. రెండో వైపూ అంతే. తర్వాత కింది నుంచి మూడో వంతు పైకి, మళ్లీ ఒక మడత. అరచేతితో గట్టిగా నొక్కి పదును చేయొద్దు. మడత పడే చోట పాత మెత్తటి నూలుగుడ్డను చుట్టలా పెడితే గీత పడదు. న్యూస్ పేపర్ మాత్రం పెట్టకండి, సిరా అంటుకుంటుంది. పట్టు చొక్కాలైతే రెండు మూడు నెలలకోసారి విప్పి వేరే చోట మడవాలి, ఒకే గీత దగ్గర దారం చిట్లిపోతుంది. టీషర్టులకు ఇంత టెన్షన్ అక్కర్లేదు, హ్యాంగర్‌కు తగిలించి సాగదీయకుండా మడిస్తే చాలు.

పేర్చేటప్పుడు ఒక చొక్కా కాలర్ ఇటు, తర్వాతిది అటు పెట్టండి. దొంతర ఒరిగిపోదు, కాలర్లు నలగవు. బరువైనవి అడుగున, మొత్తం ఎనిమిదికి మించకుండా. డ్రై క్లీనింగ్ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు తీసి పారేయండి, అవి చెమ్మను లోపలే బంధిస్తాయి. ఉతికి ఆరిన పాత దిండు గలీబు మేలు. కొత్త చొక్కాల గుండుసూదులూ తీసేయండి, తుప్పు మరక ఉతికితే పోదు. దొంతరను బీరువా వెనక గోడకు ఆనించొద్దు. చెమ్మను పీల్చే సిలికా జెల్ పొట్లాలుంటే మూలల్లో వేయండి.

కలరా ఉండలు చాలామంది అలవాటుగా వేస్తారు. బట్టల చిమ్మట పిల్లలు ముఖ్యంగా తినేది ఉన్నినీ పట్టునూ. శుభ్రంగా ఉతికిన నూలు చొక్కాలకు ఈ ఉండలతో పనిలేదు. నాఫ్తలీన్‌తో చేసిన ఉండల ఆవిరి పసిపిల్లలకు మంచిది కాదు, జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లలో ఎర్రరక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. చిన్నపిల్లలు మిఠాయనుకుని నోట్లో పెట్టుకుంటారు కూడా. పసివాళ్ల చొక్కాల దగ్గర అస్సలు వేయకండి.

నెలకోసారి, తెరిపి ఇచ్చిన రోజున తలుపు తీసి అడుగున ఉన్న చొక్కాను వాసన చూడండి. ముక్క వాసన వస్తే ఆ ఒక్కటే తీయకుండా దొంతరంతా దించేయండి. బూజు చుక్కలు కనబడితే ఇంట్లో దులపకండి. ఆరుబయటకు తీసుకెళ్లి, ముక్కుకు గుడ్డ కట్టుకుని బ్రష్‌తో రాల్చి, వెంటనే ఉతకండి. ఖాళీ అరను పొడిగుడ్డతో తుడిచి, లోపల ఆరేదాకా తలుపులు తీసే ఉంచండి.