కరెంట్ల లెక్క తేడా కొడుతోందా? లక్షణాన్ని బట్టి తప్పు పట్టుకోండి

కిర్కాఫ్ లెక్క (సర్క్యూట్‌లో ఏ దారిలో ఎంత కరెంటు పోతుందో జంక్షన్ నియమం, లూపు నియమం పెట్టి కట్టేది) తప్పొచ్చిందని విజయనగరంలో ఇంటర్, డిప్లొమా పిల్లలు కాగితం పట్టుకొస్తే, సమీకరణాలు సాధించిన భాగం నేను చివర్లో చూస్తాను. అది టెన్త్‌లో వచ్చేసిన లెక్కే. తప్పు దాదాపు ఎప్పుడూ దానికి పైన, బొమ్మ చూసి సమీకరణం రాసిన చోట దొరుకుతుంది. 1845లో ఈ నియమాలు ప్రకటించేనాటికి కిర్కాఫ్ కూడా విద్యార్థే, కాబట్టి మీకు మించిన పనేం కాదు.

ముందు ఈ బొమ్మ వేసుకోండి. పైన ఎ, కింద బి అని రెండు జంక్షన్లు, అంటే దారులు కలిసే చోట్లు. వాటి మధ్య మూడు దారులు. ఎడమ దారిలో 12 వోల్టుల బ్యాటరీ, 2 ఓముల రెసిస్టర్. కుడి దారిలో 4 వోల్టుల బ్యాటరీ, 2 ఓములు. మధ్యలో ఉత్త 3 ఓములు. రెండు బ్యాటరీల ప్లస్ కొసలూ ఎ వైపే. ఎడమ నుంచి ఐ₁, కుడి నుంచి ఐ₂ ఎ దగ్గరికి వచ్చి, కలిసి ఐ₃గా మధ్యలోంచి దిగుతున్నాయనుకుందాం.

విజయనగరం స్టేషన్లో విశాఖ, పలాస, బొబ్బిలి లైన్లు కలుస్తాయి కదా. ఒక లైన్లో వచ్చిన బండి ఏదో ఒక లైన్లో బయటికి పోవాల్సిందే. కరెంటుకైతే కాసేపు ఆగడానికి యార్డు కూడా లేదు. అంచేత ఐ₃ = ఐ₁ + ఐ₂. ఇదే జంక్షన్ నియమం. లూపు అంటే బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారి, దాని చుట్టూ వోల్టుల కూడికలు, తీసివేతలు కలిపితే సున్నా రావాలి, అది లూపు నియమం. ఎడమ-మధ్య దారులతో ఒకటి, కుడి-మధ్య దారులతో ఒకటి, ఇలా రెండు లూపులు రాసి ఐ₃ బదులు ఐ₁ + ఐ₂ పెడితే:

5ఐ₁ + 3ఐ₂ = 12
3ఐ₁ + 5ఐ₂ = 4

మొదటిదాన్ని 5తో, రెండోదాన్ని 3తో హెచ్చించి తీసేస్తే 16ఐ₁ = 48. ఐ₁ = 3, ఐ₂ = −1, ఐ₃ = 2 ఆంపియర్లు.

లక్షణం: జవాబు మైనస్‌లో వచ్చింది

టెన్షన్ వద్దు, ఇది తప్పే కాదు. మీరు అనుకున్న బాణం దిశకు కరెంటు ఎదురుగా పోతోందని అర్థం, అంతే. ఇక్కడ 12 వోల్టులది 4 వోల్టులదాన్ని ఛార్జ్ చేస్తోంది. మైనస్ చూడగానే లెక్క మధ్యలో బాణం తిప్పేసి మిగతాది పాత సమీకరణాలతోనే చేసేవాళ్లున్నారు, అక్కడే కొంప మునిగేది. బాణం చివరిదాకా కదపకండి, దిశ సంగతి జవాబులో రాయండి. ఆ కుడి బ్యాటరీ మామూలు పెన్సిల్ సెల్స్‌తో కట్టినదైతే మాత్రం నిజంగా కలపొద్దు. వాటిని ఛార్జ్ చేయకూడదు, వేడెక్కి కారుతాయి.

లక్షణం: అంతా కొట్టుకుపోయి 0 = 0 మిగిలింది

కారణం: చెప్పిన మాటే మళ్లీ చెప్పారు. బయటి పెద్ద లూప్ రాస్తే 2ఐ₁ − 2ఐ₂ = 8 వస్తుంది. పై రెండు సమీకరణాల తేడా కూడా సరిగ్గా అదే. బి దగ్గర మళ్లీ జంక్షన్ నియమం రాసినా ఇంతే. జంక్షన్లు ఎన్నుంటే అందులో ఒకటి తక్కువగా జంక్షన్ సమీకరణాలు రాయండి. తెలియని కరెంట్లలో మిగిలిన లోటు లూపులతో పూడ్చండి. ప్రతి కొత్త లూపులో ఇంతకుముందు తాకని దారి ఒకటైనా ఉంటే ఈ బెడద రాదు.

లక్షణం: అంకెలు చక్కగా వచ్చాయి, కీతో కలవడం లేదు

ఇదే అసలు తలనొప్పి, ఎందుకంటే ఏ అనుమానమూ రాదు. కుడి బ్యాటరీ గుర్తు తిరగేసి 3ఐ₁ + 5ఐ₂ = −4 అని రాశారనుకోండి. ఐ₁ = 4.5, ఐ₂ = −3.5, ఐ₃ = 1 వస్తాయి. జంక్షన్ దగ్గర సరిపోయింది. మీ సమీకరణాల్లో వేసి చూసినా సరిపోతుంది, తప్పు సమీకరణానికి అది సరైన జవాబే మరి.

అందుకే బొమ్మ దగ్గరికి వెళ్లి వాట్లు లెక్కపెట్టండి. బ్యాటరీలు ఇచ్చింది: 12 × 4.5 = 54, అందులో కుడి బ్యాటరీ తీసుకున్న 4 × 3.5 = 14 పోతే 40. రెసిస్టర్లు తిన్నది (ఒక్కోదానికి కరెంటు × కరెంటు × ఓములు): 40.5 + 24.5 + 3 = 68. నలభై ఇచ్చి అరవై ఎనిమిది తినడం ఎక్కడా కుదరదు. సరైన జవాబుతో చూడండి: 36 − 4 = 32, రెసిస్టర్లలో 18 + 2 + 12 = 32.

గుర్తుల విషయంలో ఒకే పద్ధతి పెట్టుకోండి. లూపులో నడుస్తూ బ్యాటరీని మైనస్ నుంచి ప్లస్‌కు దాటితే కూడండి, రెసిస్టర్‌ను కరెంటు వెంట దాటితే తీసేయండి. ఎదురు నడిస్తే రెండూ తిరగబడతాయి. మాస్టారికో పద్ధతి, గైడుకో పద్ధతి ఉంటాయి, ఏదైనా ఫర్వాలేదు గానీ రెండూ కలపకండి.

లక్షణం: 12 = 4 లాంటి వింత వచ్చింది

గుర్తులన్నీ సరిగ్గా ఉన్నా ఇలా వస్తే సర్క్యూటే కుదరనిది. 2 ఓముల రెసిస్టర్లు రెండూ తీసేస్తే, ఎ, బి మధ్య ఒకేసారి 12 వోల్టులూ 4 వోల్టులూ ఉండాలంటున్నారు. నిజం బ్యాటరీకి లోపల కొంత నిరోధం ఉంటుంది, దాన్ని బొమ్మలో పెడితే జవాబు వస్తుంది. ఆ కరెంటు చాలా పెద్దదిగా ఉంటుంది. పాత ఇన్వర్టర్ బ్యాటరీకి కొత్తది పక్కన సమాంతరంగా కలపొద్దని మెకానిక్‌లు అనేది ఊరికే కాదు.

లక్షణం: కాగితం మీద ఒకటి, మీటర్లో ఒకటి

వెయ్యి రెట్లు తేడా ఉంటే యూనిట్లు చూడండి. వోల్టులను కిలో ఓములతో భాగిస్తే వచ్చేది మిల్లీ ఆంపియర్లు. కొద్దిపాటి తేడా అయితే రెసిస్టర్ మీద బంగారు గీత చూడండి, అది 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చని అర్థం. మీటర్ అసలేమీ చూపించకపోతే దాని లోపలి ఫ్యూజ్ పోయి ఉండొచ్చు. కరెంటు కొలిచేటప్పుడు దారిని తెంచి మధ్యలో మీటర్ పెట్టాలి, బ్యాటరీ రెండు కొసలకూ ఆనిస్తే ఫ్యూజ్ పోతుంది.

పై లెక్కను మాత్రం ఓముల్లో బ్రెడ్‌బోర్డ్ (పార్టులు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) మీద కట్టకండి. ఎడమ రెసిస్టర్ 18 వాట్లు మోయాలి, పావు వాట్ రెసిస్టర్ అయితే క్షణాల్లో పొగ. ఓముల బదులు కిలో ఓములు వాడితే అవే అంకెలు మిల్లీ ఆంపియర్లలో వస్తాయి, ఏ రెసిస్టర్‌లోనూ వేడి 18 మిల్లీ వాట్లు దాటదు.