టైరు అరుగుదల, 4వ పాఠం: మార్చే ముందు చదవాలి

పోయిన పాఠంలో రొటేషన్, అంటే టైర్ల చోట్లు మార్చుకోవడం నేర్పాను. ఇంజిన్ బలం ముందు చక్రాలకు వెళ్ళే కార్లలో ముందు టైర్లు నేరుగా వెనక్కి, వెనక టైర్లు కుడి ఎడమలు మారి ముందుకు రావాలని చెప్పాను. ఆ తర్వాత మీరు రాసినవి చదువుతుంటే నాకు ఒకటి అర్థమైంది, అసలు చెప్పాల్సిన మాట చెప్పకుండానే పాఠం ముగించాను. చాలామంది ముందు టైరు లోపలివైపు తినేసి ఉండటం చూసి, చోటు మారిస్తే అదే సర్దుకుంటుందని వెనక్కి పంపేశారు. రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక, ముందుకొచ్చిన మంచి టైర్లు కూడా అదే చోట అరగడం మొదలైంది. రెండు టైర్లతో పోయేది నాలుగింటికి పాకింది.

అందుకే ఈసారి అనుకున్న పాఠం పక్కనపెట్టి దీని సంగతే చూద్దాం. రొటేషన్ రోగానికి మందు కాదు. బండి బాగున్నప్పుడు నాలుగు టైర్లూ సమానంగా అరగడానికి చేసే పని అది. ఒక టైరు వంకరగా అరిగిందంటే దాన్ని అలా అరగదీసినది బండిలోనే ఎక్కడో ఉంది, టైరును అక్కడి నుంచి తీసేసినా అది మాత్రం అక్కడే ఉంటుంది. పైగా బాగా అరిగిన టైర్లు వెనక ఉంటే వానలో మలుపు తిరిగేటప్పుడు బండి వెనక భాగం పట్టు తప్పుతుంది, ముందు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది గానీ వెనక జారితే తెలిసేలోపే బండి తిరిగిపోతుంది. అలా మార్చినవాళ్ళు దయచేసి తడి రోడ్డు మీద నెమ్మదిగా వెళ్ళండి.

మార్చేసిన వాళ్ళకు ఆధారం పూర్తిగా పోలేదు. ముందు ఎడమవైపున్నది ఇప్పుడు వెనక ఎడమవైపు ఉంది, రిమ్ము మీద టైరును తిరగేయలేదు కాబట్టి లోపలి అంచు లోపలే ఉంది. ఇప్పుడు వెనకున్న జతను చూసి ముందు చక్రాల కథ చదవొచ్చు.

గాలి వల్ల వచ్చే అరుగుడు మీకు తెలిసిందే, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. దీని మీద ఒక్క మాటే, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీదున్న అంకె చల్లటి టైరుకు చెప్పినది. తిరిగొచ్చి వేడి మీద కొలిస్తే మూడు నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి వదిలేస్తే తెల్లారేసరికి టైరు తక్కువ గాలితో ఉంటుంది. టైరు పక్కగోడ మీద అచ్చువేసిన అంకె ఆ టైరు తట్టుకునే గరిష్ఠం, మీరు నింపాల్సినది కాదు. నేను మాత్రం పొద్దున బండి తీయకముందు నా సొంత గేజీతోనే కొలుస్తాను, ఇంకెవరి గేజీనీ నమ్మను.

ఇక నాకు చిరాకు తెప్పించే చోటుకు వద్దాం. లోపలి అంచు అరిగింది అనగానే చాలామంది "క్యాంబర్ పోయింది" అనేస్తారు. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో వాలిన కోణం. చక్రం తల లోపలికి ఎక్కువ వాలితే బరువంతా లోపలి అంచు మీద పడి అది అరుగుతుంది, నిజమే. కానీ టో తప్పినా అదే అంచు అరుగుతుంది. టో అంటే పైనుంచి చూసినప్పుడు చక్రాల ముక్కులు ఒకదానివైపు ఒకటి తిరిగాయా, ఎడంగా తిరిగాయా అన్నది. ముక్కులు లోపలికి ఉంటే టో ఇన్, బయటి అంచు ఎక్కువ తింటుంది. బయటికి ఉంటే టో అవుట్, లోపలి అంచు తింటుంది. అంటే కంటికి కనిపించే అరుగుడు ఒకటే, కారణాలు రెండు, కాబట్టి కంటిని నమ్మి తీర్పు చెప్పకూడదు. చేత్తో చూడాలి.

అరచేతిని ట్రెడ్ (రోడ్డుకు తగిలే గాడుల భాగం) మీద ఆనించి అడ్డంగా జరపండి, ఒకసారి బయటి నుంచి లోపలికి, ఒకసారి లోపలి నుంచి బయటికి. (నేను కళ్ళు మూసుకుని చేస్తాను, చూస్తుంటే చేతికి సరిగా తెలియదు.) చేయి ఎటు జరిపినా ఒకేలా నున్నగా ఉండి అంచు మాత్రం తరిగిపోయి ఉంటే క్యాంబర్ వైపు చూడండి. ఒకవైపు జరిపితే నున్నగా ఉండి, తిరిగొచ్చేటప్పుడు రంపం పళ్ళలా గుచ్చుకుంటే అది టో. లోపలి నుంచి బయటికి జరిపినప్పుడు గుచ్చుకుంటే టో ఇన్, బయటి నుంచి లోపలికి జరిపినప్పుడు గుచ్చుకుంటే టో అవుట్. అరిగి అరిగి లోపలి ఉక్కు తీగలు బయటపడి ఉంటే మాత్రం చేయి పెట్టొద్దు, కోసుకుంటుంది. ఆ టైరుతో ఇక బండి నడపనూ వద్దు.

టో ఎందుకింత తింటుందో ఒక లెక్క వేస్తే తెలుస్తుంది. చక్రం నేరుగా ఉండాల్సిన దారి నుంచి 0.2 డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకోండి, కంటికి అస్సలు కనిపించదు. లెక్క ప్రకారం ప్రతి కిలోమీటరుకూ అది మూడున్నర మీటర్లు పక్కకు ఈడ్చుకుంటూ పోవాలి. 10,000 కిలోమీటర్లకు 35 కిలోమీటర్లు అడ్డంగా ఈడ్చినట్టు. రబ్బరు ఎంతకని ఆగుతుంది?

"సరే, అలైన్‌మెంట్ చేయిస్తా" అని చక్రాల కోణాలు మెషిన్ మీద సరిచేయించడానికి లేచారా? ఆగండి. నేను పొరపాటు చేసింది ఇక్కడే. నా బండికి కొన్ని నెలల తేడాతో రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను, రెండుసార్లూ మెషిన్ ఇచ్చిన కాగితం మీద కోణాలన్నీ పచ్చగానే, అంటే సరిగ్గానే వచ్చాయి, టైరు మాత్రం తింటూనే ఉంది. చివరికి తేలింది ఏమిటంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కట్టి ఉంచే కింది చేయి) వెనక బుష్, అంటే దాని రబ్బరు దిండు చీలిపోయి ఉంది. మెషిన్ మీద బండి కదలకుండా నిలబడినప్పుడు కోణం సరిగ్గానే చూపిస్తుంది, రోడ్డెక్కి బ్రేకు వేయగానే ఆ బుష్ జరిగి చక్రం పక్కకు తిరుగుతుంది. వదులుగా ఉన్న మేకుకు తగిలించిన పటాన్ని ఎంత సరిచేసినా వంగిపోయినట్టే ఇది. అందుకే ముందు గాలి, తర్వాత ప్లే (కీళ్ళలో వదులు), ఆ తర్వాతే అలైన్‌మెంట్, అన్నిటికన్నా చివర రొటేషన్. ఈ వరస తప్పితే డబ్బూ టైర్లూ రెండూ పోతాయి.

ప్లే చూడటానికి బండిని ఎత్తి స్టాండు మీద నిలపండి, ఒక్క జాకీని నమ్మి చక్రం దగ్గర పని చేయొద్దు. చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెల చోట పట్టుకుని లోపలికీ బయటికీ ఊపితే కదిలిందంటే వీల్ బేరింగో బాల్ జాయింటో (చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే కీలు) వదులైంది. ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి, కదలిక ఆగితే బేరింగ్, ఆగకపోతే బాల్ జాయింట్ అని నేను లెక్కేసుకుంటాను. 9, 3 చోట పట్టుకున్నప్పుడు మాత్రమే టకటకమంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే రాడ్డు చివరి కీలు). బుష్ మాత్రం ఇలా దొరకదు, టార్చి వేసి రబ్బరు చీలిందా అని చూడాలి, సన్నటి రాడ్‌తో మెల్లగా పక్కకు నెట్టి చూడాలి.

ట్రెడ్ చుట్టూ అక్కడక్కడ గుంటలు పడి ఉంటే కథ వేరు. షాకబ్జార్బర్లు అరిగినా, బ్యాలెన్సింగ్ లేకపోయినా చక్రం రోడ్డు మీద ఎగిరెగిరి పడి అలా అవుతుంది, వేగం పెరిగితే వూం వూం మని శబ్దం వస్తుంది, దాన్ని విని బేరింగ్ అనుకుని మార్చేసినవాళ్ళు ఉన్నారు. అన్నట్టు బ్యాలెన్సింగ్ వేరు, అలైన్‌మెంట్ వేరు. మొదటిది బరువు సంగతి, రెండోది కోణం సంగతి. వేగం మీద స్టీరింగ్ వణుకు మొదటిదానితో తగ్గుతుంది గానీ ఒకవైపు అరుగుడు ఆగదు.

కారణం సరిచేశాక పాత టైరు కొత్తదైపోదు. రంపం పళ్ళు కొద్దిగా ఉంటే తిరిగేకొద్దీ నున్నబడతాయి, లోతు గుంటలు మాత్రం శబ్దం చేస్తూనే ఉంటాయి. గాడుల మధ్య కనిపించే చిన్న రబ్బరు దిమ్మెలు 1.6 మిల్లీమీటర్ల గుర్తు, ట్రెడ్ అక్కడిదాకా వస్తే టైరు అయిపోయినట్టే. నేను 3 మిల్లీమీటర్లకే మార్చేస్తాను, వానలో అంతకన్నా తక్కువ ట్రెడ్‌తో నడపడం నాకు ఇష్టం లేదు. కొత్త జత కొంటే వెనక వేయించండి.

ఈసారి అభ్యాసం పెద్దది. ఒక్కో టైరుకు లోపలి అంచు, నడుమ, బయటి అంచు దగ్గర లోతు కొలవండి, మొత్తం 12 అంకెలు. ముందు చక్రాలకు స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి అంచు అందుతుంది. వెనకవాటికి ఫోను కింద పెట్టి ఫొటో తీస్తే అరుగుడు కనిపిస్తుంది, అంకె కావాలంటే మాత్రం చక్రం విప్పాల్సిందే. టైరు పక్కన సుద్దముక్కతో గుర్తుపెట్టుకుని తర్వాత కూడా అదే చోట కొలవండి. 1000 కిలోమీటర్లకు ఒకసారి చొప్పున మూడుసార్లు రాయండి, ఈలోగా టైర్ల చోట్లు మార్చొద్దు. ఏ అంచు దగ్గర అంకె తక్కిన వాటికన్నా త్వరగా పడిపోతోందో, అరచేయి ఏ వైపు గుచ్చుకుంటోందో ఈ రెండూ పక్కపక్కన రాసుకుని రండి, అలైన్‌మెంట్ కాగితం చదవడం అక్కడి నుంచి మొదలుపెడదాం.