కొత్త ఇంట్లో వర్క్‌షాప్: ముందు కరెంటు, తర్వాత బల్ల, మిగతావన్నీ ఆ తర్వాతే

ఇల్లు మారాక అన్నిటికన్నా ఆఖర్న సర్దుకునేవి మన పనిముట్లే. వంటిల్లు మొదటిరోజే తయారవుతుంది, దేవుడి మూల పాలు పొంగించేనాటికే తయారవుతుంది, డ్రిల్లు, రంపం, ఉలులు మాత్రం అట్టపెట్టెల్లోనే ఏదో మూల పడి ఉంటాయి. ఆ తర్వాత ఒక ఆదివారం ఊపు వచ్చి, ఒక్క పూటలో గోడల నిండా హుక్కులు, అరలు కొట్టేస్తారు చాలామంది. దయచేసి అలా చేయకండి. ఏ పనిముట్టు ఎక్కడ ఉండాలో ఆ గదిలో నిలబడి రెండు మూడు పనులు చేస్తే తప్ప తెలియదు.

నేను చెప్పేది చెక్కపని, ఇంటి రిపేర్లు చేసుకునేవాళ్ళ గది గురించి. అది ఇంటి వెనక రేకుల షెడ్ కావచ్చు, మేడ మీద గది కావచ్చు, ఫ్లాట్‌లో యుటిలిటీ కావచ్చు. ఎక్కడైనా వరస ఒకటే: కరెంటు, వెలుతురు, బల్ల. ఈ మూడూ కుదిరాక పని మొదలుపెట్టేయండి. అరలు, బోర్డులు పని చేస్తూ పెట్టుకోవచ్చు.

దీనికన్నా ముందు ఒక చిన్న పని ఉంది. అట్టపెట్టెల్ని నేల మీద వదిలేయకండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో అట్టకి చెదలు పట్టడానికి ఎక్కువ కాలం పట్టదు, అట్ట అయ్యాక అవి చెక్క పిడుల మీద పడతాయి. ఇంకోటి, ఇల్లు కొత్తగా కట్టిందైతే సిమెంటు గోడల్లో తేమ నెలల తరబడి ఉంటుంది. గోడకి ఆనించి పెట్టిన రంపం ఎండాకాలంలో కూడా తుప్పు పడుతోందంటే కారణం అదే. అందుకని ఇనుప సామానంతా అట్టలోంచి తీసి, గోడకి జానెడు దూరంలో, ఒక స్టాండు మీద పెట్టుకోండి. గోనెసంచుల్లో మాత్రం చుట్టొద్దు, గోనె తేమని పీల్చి పట్టుకుంటుంది.

జాగా ఎంచుకునేటప్పుడు అందరూ గది ఎంత పెద్దదని చూస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది దారి. ప్లైవుడ్ షీటు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉంటుంది, 18 ఎంఎం షీటైతే బరువు 30 కిలోల పైనే. మేడ మీద గదైతే మెట్ల మలుపులో ఆ షీటు తిరుగుతుందా? తిరగకపోతే షాపులోనే కోయించి తెచ్చుకోవాలి, అది ముందే తెలిస్తే కొలతలు రాసుకుని వెళ్తారు. రేకుల షెడ్ అయితే ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం లోపల నిలబడలేరు, పని పొద్దున్నో సాయంత్రమో పెట్టుకోవాల్సిందే. కార్డ్‌లెస్ డ్రిల్లు బ్యాటరీలు ఆ వేడికి త్వరగా పాడవుతాయి, వాటిని ఇంట్లోనే ఉంచండి. ఇక యుటిలిటీ అంటే పక్కనే వంటిల్లు, గ్యాస్ సిలిండర్. అక్కడ యాంగిల్ గ్రైండర్‌తో (చేత్తో పట్టుకుని వాడే కోత మిషన్) ఇనుము కోయడం అన్న ఆలోచనే వద్దు. ఆ పని పార్కింగ్‌లోనో మేడ మీదో చేసుకోండి.

ఇప్పుడు కరెంటు. దీని మీద పెట్టే డబ్బు దగ్గర వెనకాడొద్దు. 7 అంగుళాల సర్క్యులర్ రంపం 1,200 నుంచి 1,400 వాట్ల దాకా ఉంటుంది, అంటే మన 230 వోల్టుల కరెంటు మీద దాదాపు 6 ఆంప్స్. స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ లాగుతుంది. ఫ్యాన్లు, లైట్లు ఉన్న బోర్డులో చిన్న ప్లగ్గు 6 ఆంప్స్‌ది, దాని వెనక వైరు కూడా సాధారణంగా సన్నదే. అలాంటి చోట రంపం పెడితే ప్లగ్గు కాలుతుంది, వైరు వేడెక్కుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మెయిన్ బోర్డు నుంచి వర్క్‌షాప్‌కి విడిగా ఒక లైను లాగించుకోండి: 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చు), బల్ల ఎత్తుకి పైన రెండు మూడు 16 ఆంప్స్ సాకెట్లు. రంపం, వాక్యూమ్ క్లీనర్ కలిపి వాడినా ఈ లైను తట్టుకుంటుంది.

ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే అదే పడిపోతుందని చాలామంది ధీమాగా ఉంటారు. ఎంసీబీ పని వైరుని కాపాడటం. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చు, అది 30 మిల్లీ ఆంప్స్‌ది ఉండాలి. దాని మీద టెస్ట్ అని ఒక బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి, పడిపోతే సరిగ్గా ఉన్నట్టు. వచ్చిన ఎలక్ట్రీషియన్‌తోనే ఎర్త్ కూడా చెక్ చేయించండి. కొన్ని పాత ఇళ్ళలో సాకెట్‌కి ఎర్త్ కోసం మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనక వైరు ఉండదు.

కరెంటు పోవడం సంగతి కూడా చూసుకోవాలి. రంపం తిరుగుతుండగా కరెంటు పోయిందనుకోండి, చీకట్లో బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి గదిలో ఒక్క లైటైనా ఇన్వర్టర్ లైను మీద ఉండాలి. మిషన్లు మాత్రం ఇన్వర్టర్ మీద వద్దు, ఇంట్లో వాడే మామూలు ఇన్వర్టర్ ఆ లోడుని మోయలేదు. ఇంకా ముఖ్యమైంది, కరెంటు పోగానే చేతిలో ఉన్న మిషన్ స్విచ్ ఆపి ప్లగ్గు తీసేయడం అలవాటు చేసుకోండి. స్విచ్ లాక్ అయి ఉన్న గ్రైండర్‌ని బల్ల మీద పెట్టి టీకి వెళ్తే, కరెంటు వచ్చాక అది దానంతట అదే తిరిగి బల్ల మీంచి దూకుతుంది.

లైటు నడి సీలింగ్‌లో ఉంటే పనికిరాదు. మీరు బల్ల ముందు నిలబడితే మీ నీడే పని మీద పడుతుంది, పెన్సిల్ గీత కనపడదు. నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబులు రెండు, మీ తల కన్నా కాస్త ముందుకి, బల్లకి సరిగ్గా పైన ఉండేలా పెట్టించుకోండి, చాలు.

ఇక బల్ల. నాకు మొత్తం వర్క్‌షాప్‌లో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, అందుకే కొంచెం వివరంగా చెప్తాను. రెడీమేడ్ బల్లలు కొనొద్దు, అవి చిత్రిక పడుతుంటే ఊగుతాయి. ఒకే ఒక్క 18 ఎంఎం ప్లైవుడ్ షీటుతో మంచి బల్ల అవుతుంది. షాపులోనే షీటుని పొడవునా రెండుగా కోయించండి, 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పున్న ముక్కలు రెండు వస్తాయి. ఒక్కోదాన్నీ 5 అడుగుల దగ్గర కోయించండి. 5 అడుగుల ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి అతికిస్తే 36 ఎంఎం మందం ఉన్న పై పలక, మిగిలిన 3 అడుగుల ముక్కలు కింద అరకి. ఒక్క ముక్క కూడా వృథా కాదు. అతికించేటప్పుడు ఫెవికాల్‌ని మధ్యలో పోసి వదిలేయకుండా అంచుల దాకా పలచగా పరవండి, అడుగు నుంచి ఒకటింపావు అంగుళం స్క్రూలు జానెడుకొకటి చొప్పున బిగించండి, అంతకన్నా పొడవైతే పైకి పొడుచుకొస్తాయి. రాత్రంతా కదపకండి.

కాళ్ళకి చెక్క కూడా బాగుంటుంది, వేపచెక్క దొరికితే మరీ మంచిది. తేలిక దారి మాత్రం దగ్గర్లో ఉన్న వెల్డింగ్ షాపు. 40 ఎంఎం స్క్వేర్ పైపుతో ఫ్రేమ్ చేయించుకుంటే ఏళ్ళ తరబడి కదలదు. ఎత్తు ఎంతన్నది మీ ఒంటిని బట్టి: చెప్పులేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి, మణికట్టు దగ్గర ముడత నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో అంతే బల్ల ఎత్తు. చాలామందికి 32 నుంచి 35 అంగుళాల మధ్య వస్తుంది. దానిలోంచి పలక మందం ఒకటిన్నర అంగుళం తీసేసి మిగిలింది వెల్డర్‌కి చెప్పండి. నాలుగు కాళ్ళ కిందా బోల్టు బుష్షులు పెట్టమనండి, తిప్పితే ఎత్తు తగ్గేవి, పెరిగేవి. ఎందుకంటే మన యుటిలిటీల్లో, పార్కింగుల్లో, మేడ మీద నీళ్ళు పోవడానికి నేలకి వాటం ఇస్తారు. బుష్షులు లేకపోతే ఆ వాటం మీద బల్ల కుంటుతుంది, కాలి కింద పెట్టిన అట్టముక్క నాలుగు రోజుల్లో నలిగిపోతుంది. వైస్‌ని (ముక్కని కదలకుండా బిగించి పట్టుకునేది) బల్ల మధ్యలో కాకుండా ఒక కాలికి సరిగ్గా పైన బిగించండి, సుత్తి దెబ్బ కాలి మీదుగా నేలకి పోతుంది.

గోడకి రంధ్రం పెట్టే రోజు వచ్చినప్పుడు డ్రిల్లు నుంచి రాలే పొడి చూడండి, గోడ ఏంటో అదే చెప్తుంది. ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక, మామూలు ప్లాస్టిక్ గట్టా (స్క్రూ పట్టు కోసం రంధ్రంలో దూర్చేది) సరిపోతుంది. తెల్లగా, మెత్తగా పిండిలా వచ్చి బిట్టు సునాయాసంగా దిగిపోతుంటే అది ఏఏసీ బ్లాకు, అంటే తేలికపాటి సిమెంటు ఇటుక, ఈమధ్య కడుతున్న ఇళ్ళలో చాలావాటిలో ఇదే. అందులో మామూలు గట్టా నిలవదు, బరువేస్తే ఊడొస్తుంది, ఆ బ్లాకుల కోసమే చేసిన నైలాన్ గట్టాలు అడిగి తీసుకోండి. బూడిదరంగు పొడి వచ్చి బిట్టు ముందుకి వెళ్ళనంటే అది కాంక్రీటు పిల్లర్, హ్యామర్ డ్రిల్లు కావాలి. స్విచ్‌బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా, అడ్డంగా అటూ ఇటూ మాత్రం డ్రిల్లు పెట్టొద్దు, పైపులు సాధారణంగా అలాగే వెళ్తాయి. అద్దె ఇల్లైతే ఓనర్‌ని అడగండి, లేదంటే గోడ జోలికే పోకుండా స్లాటెడ్ యాంగిల్ ర్యాక్ (రంధ్రాలున్న ఇనుప పట్టీలు బోల్టులతో బిగించి చేసేది) ఒకటి నిలబెట్టుకోండి.

పనిముట్లని రకం వారీగా కాకుండా పని వారీగా పెట్టుకోండి. డ్రిల్లు, బిట్లు, చక్ తాళం, గట్టాలు, స్క్రూలు ఒకే డబ్బాలో ఉంటే, అత్తయ్యగారు కర్టెన్ రాడ్ బిగించమన్నప్పుడు ఆ ఒక్క డబ్బా తీసుకెళ్తే సరిపోతుంది. ఉప్పు కాగితం మడతపెట్టకుండా నెంబర్ల వారీగా ఫైల్లో దాచుకోండి.

పొట్టు, దుమ్ము తేలిగ్గా తీసుకోకండి. ఎండీఎఫ్ (చెక్క పీచుని అతికించి చేసిన పలక) కోసేటప్పుడు వచ్చే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఎన్95 మాస్క్ తప్పనిసరి, తువ్వాలు కట్టుకుంటే ఆగదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని గుమ్మానికి ఎదురు గోడకి పెడితే గాలి గదంతా ఊడ్చుకుంటూ బయటకి పోతుంది. అవిసె నూనె పూసి తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, అవి వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, ఆరుబయట తీగ మీద విప్పి ఆరేయండి. థిన్నర్ డబ్బా దేవుడి దీపానికీ, పొయ్యికీ దూరంగా ఉండాలి.

గ్రైండర్‌కి పళ్ళున్న చెక్క బ్లేడు బిగించి ప్లైవుడ్ కోయడం మన దగ్గర మామూలైపోయింది. నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరిగే మిషన్ అది, పన్ను చెక్కలో పట్టుకుందంటే వెనక్కి, అంటే మీ మీదకే తంతుంది. ఎంత అనుభవం ఉన్నవాళ్ళు చేస్తున్నా సరే, మీరు చేయకండి. కోతకి సర్క్యులర్ రంపం వాడండి, లేదా చేతిరంపం. లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి ఉంగరాలు, కడియాలు ఉంటే మిషన్ ముట్టుకోవద్దు.

చప్పుడు విషయంలో పక్కింటివాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదని నిబంధనలే ఉన్నాయి. మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా పెద్దవాళ్ళు నడుం వాలుస్తారు, ఇంటర్, టెన్త్ పరీక్షల నెలల్లో పిల్లలున్న ఇళ్ళలో టెన్షన్‌గా ఉంటుంది. ఆ వేళల్లో ఉలి పని, ఉప్పు కాగితం పని, పాలిష్ పెట్టుకోండి.

తుప్పు సంగతి వానాకాలానికి ముందే చూసుకోవాలి, విశాఖ, కాకినాడ వైపు సముద్రం దగ్గరున్నవాళ్ళయితే ఏడాది పొడవునా. ఉలులకి, చిత్రిక బ్లేడుకి కుట్టుమిషన్ నూనె గుడ్డతో పలచగా రాస్తే చాలు. దసరాకి ఆయుధపూజ ఎలాగూ చేస్తాం కదా, కుంకుమ బొట్టు పెట్టేముందు అన్నిటినీ బయటకి తీసి, తుడిచి, సానపెట్టి, నూనె రాయండి.

కొత్త పనిముట్లు వెంటనే కొనకండి. చేతిలో ఉన్న పనికి ఏది లేక ఆగిపోయారో అది రాసుకుని, రెండు మూడు పనులకి అదే మళ్ళీ అవసరమైతే అప్పుడు కొనండి. హైదరాబాద్‌లో అయితే పనిముట్లకి రాణిగంజ్, ఎలక్ట్రికల్ సామానుకి ట్రూప్ బజార్ వెళ్ళొచ్చు. పాతవాటికి గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉన్నాయి. విజయవాడ వాళ్ళకి ఆటోనగర్ ఉండనే ఉంది. పాత ఉలి, పాత వైస్ నిశ్చింతగా కొనొచ్చు, తుప్పు పైపైనే ఉంటే రుద్దితే పోతుంది. వైస్ కొనేటప్పుడు పూర్తిగా విప్పి, బిగించి, పళ్ళు అరిగాయేమో చూడండి. పాత కరెంటు మిషన్ అయితే ప్లగ్గు పెట్టి ఆన్ చేయకుండా డబ్బివ్వొద్దు: తిరుగుతున్నప్పుడు మోటారు పక్క కంతల్లోకి చూస్తే, చిన్న నీలం మెరుపులు కనిపించడం మామూలే, చుట్టూ నిప్పురవ్వల వలయంలా కనిపిస్తే మాత్రం కార్బన్ బ్రష్షులో (మోటారుకి కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు), మోటారు ఆర్మేచరో (లోపల తిరిగే తీగచుట్ట) పోయినట్టు. బ్రష్షులైతే తక్కువ ఖర్చుతో మార్చేయొచ్చు, ఆర్మేచర్ అయితే ఆ మిషన్ వదిలేయండి.